జీశాట్ ఎన్2 పైకెళ్ళింది సరే, మా కొండ ఊరికి కనెక్షన్ ఎవరిని అడగాలి?

పాడేరు_టీచర్
మాది పాడేరు నుంచి ఇంకా లోపలికి వెళ్ళాల్సిన ఊరు. బళ్ళో ట్యాబులున్నాయి, కరెంటుంది, నెట్ లేదు. హాజరు పంపాలన్నా మలుపు దగ్గర బండ ఎక్కి ఫోన్ పైకెత్తి నిలబడాలి. వానాకాలంలో ఆ బండ మీద పాకుడు. 2024 నవంబరు 19న జీశాట్ ఎన్2 వెళ్ళినప్పుడు సెకనుకు 48 గిగాబిట్లు, మారుమూల ప్రాంతాలకు బ్రాడ్‌బ్యాండ్ అని పేపర్లో చదివి పిల్లలకు కూడా చెప్పాను. అది ఎన్‌ఎస్‌ఐఎల్ అనే ప్రభుత్వ కంపెనీ ఉపగ్రహం అని తెలుసు. టీవీ కంపెనీలకు ఇస్తున్నారు, విమానాల్లో వైఫైకి ఇస్తున్నారు. మాలాంటి ఊరికి కావాలంటే ఎవరికి అప్లికేషన్ పెట్టాలి? ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, అక్కడ అడిగితే మొదటి ఆఫీసు పేరే చెప్పారు.

బెజవాడ_బుల్లోడు
స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్సు వచ్చిందిగా మేడం. అది మొదలయ్యాక డబ్బా కొనుక్కుని మేడ మీద పెట్టుకోవడమే.

పాడేరు_టీచర్
బుల్లోడు గారూ, మా బడికి మేడ లేదు, రేకులు. డబ్బులు కట్టే జేబు అంతకన్నా లేదు. సొంత దేశపు ఉపగ్రహం నెత్తిమీద ఉండగా ఎందుకు అడగకూడదు అన్నదే నా ప్రశ్న.

ఆర్ఎఫ్_రాజమండ్రి
మేడం, వీశాట్ (చిన్న డిష్‌తో ఇచ్చే ఉపగ్రహ కనెక్షన్) రంగంలో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎన్‌ఎస్‌ఐఎల్ టోకు వ్యాపారి. 2019 మార్చిలో అంతరిక్ష శాఖ కింద పెట్టారు, ఆఫీసు బెంగళూరు. అంతకు ముందు ఆ పని చూసింది 1992 నుంచి ఉన్న ఇస్రో వ్యాపార సంస్థ ఆంట్రిక్స్. 2022లో కేంద్రం కక్ష్యలో ఉన్న 10 కమ్యూనికేషన్ ఉపగ్రహాలను ఎన్‌ఎస్‌ఐఎల్‌కి బదిలీ చేసింది, అధీకృత మూలధనాన్ని వెయ్యి కోట్ల నుంచి 7,500 కోట్లకు పెంచింది. అంటే ఇప్పుడది ఇస్రో తరఫున బేరాలు చేసే ఏజెంటు కాదు, సొంతంగా ఉపగ్రహాలున్న ఆపరేటరు. కానీ అది ట్రాన్స్‌పాండర్లనూ (సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపే ఉపగ్రహంలోని పరికరాలు) బ్యాండ్‌విడ్త్‌నూ పెద్ద మొత్తంలో అద్దెకిస్తుంది. మీ బడికి డిష్ బిగించి, మోడెం పెట్టి, నెలనెలా బిల్లు పంపేది లైసెన్సున్న వీశాట్ కంపెనీలు. హ్యూస్ కమ్యూనికేషన్స్ ఇండియా, నెల్కో లాంటివి. కాబట్టి కనెక్షన్ అడగాల్సింది వాళ్ళను. మీ బాధ మాత్రం అక్కడ తీరదు. ఒక్క బడి కోసం వాళ్ళు చెప్పే రేటు వింటే మీరు ఫోన్ పెట్టేస్తారు.

ఎన్2 కా బ్యాండ్ ఉపగ్రహం. మొత్తం 32 బీములు, అంటే నేల మీద ఒక్కో ప్రాంతం వైపు పంపే సిగ్నల్ కిరణాలు. ఎనిమిది సన్నవి, అవి ఈశాన్య రాష్ట్రాలకు. మిగతా 24 వెడల్పువి, అవి మిగిలిన దేశానికి. పొలమంతా కాలవ నీళ్ళు వదలడానికీ మొక్క మొక్కకీ డ్రిప్ పెట్టడానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. బీము ఎంత సన్నగా ఉంటే అదే ఫ్రీక్వెన్సీని అన్నిసార్లు వేర్వేరు చోట్ల వాడుకోవచ్చు, 48 గిగాబిట్లు వచ్చింది అందుకే.

అరకు_కాఫీ
సన్న బీములు ఈశాన్యానికేనా? మన ఏజెన్సీ కొండలు కొండలు కావా?

ఆర్ఎఫ్_రాజమండ్రి
వెడల్పు బీములో కూడా మీ ఊరు పడుతుంది. కవరేజీ లేదన్న మాటే లేదు. ఆ బీములో సామర్థ్యం ఎవరు కొన్నారు, ఎక్కడ వాడుతున్నారు అన్నదే లెక్క.

లెక్కల_మనిషి
అసలు విషయం అదే. 2020 అంతరిక్ష రంగ సంస్కరణల తర్వాత పద్ధతి మారింది. ముందు ఉపగ్రహం పంపి తర్వాత ఎవరైనా కొంటారా అని చూసే రోజులు పోయాయి. ఇప్పుడు కొనేవాడు ముందు సంతకం పెట్టాలి, తర్వాతే ఉపగ్రహం. జీశాట్ 24 అలా వచ్చిన మొదటిది. 2022 జూన్‌లో ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి వెళ్ళింది, 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు, మొత్తం టాటా ప్లేకే. ఎన్2 కూడా అంతే, పైకి వెళ్ళకముందే సామర్థ్యంలో ఎక్కువ భాగం దేశీయ సర్వీసు ప్రొవైడర్లు తీసేసుకున్నారు.

నాకైతే ఇందులో తప్పు కనిపించదు. ఉపగ్రహానికీ దాన్ని పంపడానికీ వందల కోట్లు. 15 ఏళ్ళ దాకా పనిచేస్తుంది, అద్దెకు పోని ప్రతి నెలా నష్టమే. ట్రాన్స్‌పాండర్లు ఖాళీగా తిప్పితే ఆ డబ్బు మనందరిదీ. కంపెనీ అన్నాక కంపెనీలా నడవాలి.

పాడేరు_టీచర్
ముందు సంతకం పెట్టేవాళ్ళకే ఉపగ్రహం అయితే, సంతకం పెట్టలేని ఊళ్ళు ఎప్పటికీ లెక్కలోకి రావు కదండీ. మా ఊళ్ళో 'డిమాండ్' లేదని ఎవరైనా రాసుకుంటే అది అబద్ధం. డిమాండ్ ఉంది, డబ్బే లేదు.

కేబుల్_బాబాయి
టీవీ సంగతి కూడా కాస్త వినండి. ఏలూరు దగ్గర కంట్రోల్ రూమ్ నడుపుతున్నా. జీశాట్ 24 వచ్చాక ఆ డీటీహెచ్‌కి 900 ఛానెళ్ళ దాకా మోసే చోటు వచ్చిందన్నారు. చూసేవాళ్ళేరీ? దేశంలో డీటీహెచ్ కనెక్షన్లు ఒకప్పుడు 7 కోట్ల దాకా వెళ్ళి ఇప్పుడు 6 కోట్ల లోపుకు పడిపోయాయి. కేబుల్ గురించి చెప్పనే అక్కర్లేదు, మా వీధిలో కుర్రాళ్ళంతా ఫోన్లోనే మ్యాచ్ చూస్తున్నారు. ఇలాంటప్పుడు టీవీ కోసం కొత్త ఉపగ్రహాలు ఎవరడిగారు?

ప్లేఅవుట్_హైదరాబాద్
బాబాయ్, మీ కంట్రోల్ రూమ్ మీద 66 డిగ్రీల (తూర్పు రేఖాంశం) ఉపగ్రహం వైపు తిప్పిన పెద్ద డిష్ ఉంటుందా ఉండదా?

కేబుల్_బాబాయి
ఇంటెల్‌శాట్ 17కి ఉంది. అది లేకపోతే తెలుగు ఛానెళ్ళు సగం ఎగిరిపోతాయి.

ప్లేఅవుట్_హైదరాబాద్
చూశారా! ఇంట్లో డిష్ లేకపోయినా, ఫోన్లో చూసే మ్యాచ్ కూడా చాలాసార్లు ఎక్కడో ఒకచోట ఉపగ్రహం దిగి వచ్చిందే. ఛానెల్ నుంచి వేలమంది కేబుల్ ఆపరేటర్లకు ఒకేసారి ఫీడ్ అందించడానికి దీనికన్నా చవకైన దారి ఇప్పటికీ లేదు.

ఇంకో సంగతి చూడండి. మన ఛానెళ్ళు చాలావరకు విదేశీ ఉపగ్రహాల మీదే బతికాయి. ఇంటెల్‌శాట్‌ని లక్సెంబర్గ్‌కి చెందిన ఎస్‌ఈఎస్ 310 కోట్ల డాలర్లకు కొనేసింది, 2025 జులై 17న బేరం పూర్తయింది. రెండూ కలిస్తే దాదాపు 120 ఉపగ్రహాలు. ఇక ఏషియాశాట్ 5, 7 ఉపగ్రహాలకు కేంద్ర అంతరిక్ష అనుమతుల సంస్థ ఇన్‌స్పేస్ ఇచ్చిన అనుమతి 2026 మార్చి వరకే, అందుకే వాటి మీదున్న ఛానెళ్ళు జీశాట్ 30, జీశాట్ 17, ఇంటెల్‌శాట్ 20 వైపు మారాల్సి వచ్చింది. పైన అమ్మేవాళ్ళు తగ్గిపోతుంటే మనకంటూ సొంత ఆపరేటరు బలంగా ఉండాలి. రేపు రేటు పెంచితే బేరం ఆడే చోటు ఉండాలి. టీవీ కోసం ఎన్‌ఎస్‌ఐఎల్ విస్తరించడం వృథా అంటే ఒప్పుకోను.

కేబుల్_బాబాయి
ఆ మార్పిడి పని తెలుసులే. డిష్‌లు తిప్పి, రిసీవర్లు ట్యూన్ చేసి, ఆ వారం నిద్ర లేదు.

తుని_డిష్_మెకానిక్
డిష్ తిప్పడం అంటే 2010 గుర్తొస్తుంది. జులైలో ఇన్‌శాట్ 4బికి సోలార్ ప్యానెల్ వైపు కరెంటు సరఫరా చెడి సగం ట్రాన్స్‌పాండర్లు ఆగిపోయాయి. దాని మీదున్న డీటీహెచ్‌ని మలేషియా వాళ్ళ మీశాట్ 3 మీదికి మార్చారు. 93.5 నుంచి 91.5కి. కాగితం మీద రెండు డిగ్రీలే. కానీ ప్రతి ఇంటికీ నిచ్చెన వేసుకుని వెళ్ళాల్సిందే. పల్లెల్లో ముసలాళ్ళు 'బొమ్మ ఎప్పుడొస్తుంది నాయనా' అంటుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

అందుకే జీశాట్ 24ని 83 డిగ్రీల దగ్గరే పెట్టడం నాకు నచ్చింది. ఆ చోటుకే చూస్తున్న డిష్‌లు అలాగే ఉండొచ్చు. ఎవరైనా 'కొత్త ఉపగ్రహం వచ్చింది, డిష్ తిప్పాలి' అని డబ్బులడిగితే ఇవ్వకండి.

నల్లగొండ_నవీన్
మా ఇంటికి వచ్చినాయన సరిగ్గా ఆ మాటే అన్నాడు!! తీసుకున్నాడు కూడా.

తుని_డిష్_మెకానిక్
మా వృత్తికి చెడ్డపేరు తెచ్చేది ఇలాంటోళ్ళే అన్నా.

సూళ్ళూరుపేట_శీను
నాదొక బాధ. జీశాట్ 24 కౌరూ నుంచి వెళ్ళింది, ఎన్2 అమెరికా నుంచి ఫాల్కన్ 9 మీద వెళ్ళింది. మా ఊరి పక్కనే శ్రీహరికోట పెట్టుకుని బయటికెళ్ళడం ఏంటని చిన్నప్పటి నుంచీ అడుగుతున్నా.

ఆర్ఎఫ్_రాజమండ్రి
బరువు శీనూ. ఎల్‌వీఎం3 అనే మన పెద్ద రాకెట్ జీటీఓకి, అంటే భూస్థిర కక్ష్యకు ముందు ఉపగ్రహాన్ని వదిలే కక్ష్యకి, మోసేది సుమారు 4 టన్నులు. జీశాట్ 24 బరువు 4,180 కిలోలు, ఎన్2 అయితే 4,700. జీశాట్ 24ని మోసిన ఏరియన్ 5 రాకెట్ కూడా 2023లో రిటైరైపోయింది కాబట్టి ఎన్2కి ఫాల్కన్ దిక్కయింది.

సూళ్ళూరుపేట_శీను
మరి 2025 నవంబరు 2న సీఎంఎస్ 03 మా దగ్గర్నుంచే వెళ్ళిందిగా? అది 4,410 కిలోలు. ఇంట్లో కిటికీలు గడగడలాడాయి, అమ్మ దేవుడి పటం పట్టుకుంది.

ఆర్ఎఫ్_రాజమండ్రి
నిజమే, మన గడ్డ మీద నుంచి జీటీఓ వైపు వెళ్ళిన కమ్యూనికేషన్ ఉపగ్రహాల్లో అదే బరువైనది. మామూలు కన్నా కాస్త తక్కువ ఎత్తు కక్ష్యలో వదిలారు, మిగతా ఎత్తు ఉపగ్రహం తన ఇంధనంతో ఎక్కింది. అలా ఎక్కితే ఇంధనం ఖర్చవుతుంది. టీవీ ఉపగ్రహం అమ్ముకునేవాడికి ఇంధనమంటే ఆయుష్షు, ఆయుష్షంటే అద్దె.

సూళ్ళూరుపేట_శీను
వన్‌వెబ్ వాళ్ళవి మాత్రం 36, 36 చొప్పున 72 ఇక్కడి నుంచే పంపాం. 2022 అక్టోబరు, 2023 మార్చి. అది కూడా ఎన్‌ఎస్‌ఐఎల్ బేరమే. పరాయి వాళ్ళ ఇంటర్నెట్ ఉపగ్రహాలు మా ఊరి మీదుగా వెళ్ళాయి, టీచర్ గారి ఊరికి మాత్రం నెట్ లేదు.

పాలమూరు_పెద్దాయన
ఈ చర్చ చదువుతుంటే ఆగలేక రాస్తున్నాను. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ ప్రయోగం, అంటే ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు, జరిగింది. నాసా వాళ్ళ ఏటీఎస్ 6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. మన రాష్ట్రంలో మెదక్, హైదరాబాద్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు. కోళ్ళ గూటికి వేసే జాలీతో చేసిన పెద్ద గొడుగు నిలబెట్టి, బడి దగ్గరో పంచాయతీ దగ్గరో టీవీ పెట్టారు. సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, తెలుగులోనే. ఊరు ఊరంతా నేల మీద కూర్చుని చూసేది. అప్పటికి హైదరాబాద్ పట్నంలోనే దూరదర్శన్ లేదు!

ఆ పల్లెలను ఎలా ఎంచుకున్నారో గమనించండి. డబ్బు కట్టగలిగిన ఊళ్ళను ఎంచుకోలేదు. వెనకబడిన జిల్లాలను వెతికి మరీ ఎంచుకున్నారు. విక్రమ్ సారాభాయ్ పట్టుబట్టింది దానికే. ఈ దేశానికి ఉపగ్రహాలెందుకు అని అడిగినవాళ్ళకు ఆ పల్లెలే జవాబు. లెక్కల మనిషి గారూ, మీ లెక్క తప్పనను. కానీ ఆ రోజున మీ లెక్కే వేసి ఉంటే మా ఊరికి టీవీ వచ్చేది కాదు.

లెక్కల_మనిషి
పెద్దవారు, మీ మాట కాదనను. కానీ సైట్‌కి డబ్బు పెట్టింది ప్రభుత్వం, కంపెనీ కాదు. ఇప్పుడూ పల్లెలకు ఇవ్వాలంటే ప్రభుత్వమే కొనుగోలుదారుగా రావాలి. దాన్ని ఎన్‌ఎస్‌ఐఎల్ నెత్తిన రుద్దితే రెండూ చెడతాయి. నిధి కూడా ఉంది. పల్లెలకు టెలికాం సౌకర్యాల కోసం పెట్టిన పాత యూఎస్‌ఓ ఫండే ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం కడుతున్నాయి. ఆ డబ్బు పెట్టి ఉపగ్రహ సామర్థ్యం ముందే కొంటే, ముందు సంతకం పెట్టేది ఊళ్ళ తరఫున ప్రభుత్వమే అవుతుంది.

పాడేరు_టీచర్
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అంటే మా తరఫున కొనేవాళ్ళు ఉంటే ఈ పద్ధతిలోనే కుదురుతుందన్నమాట?

కాకినాడ_బోటు
కుదురుతుందక్కా, మా దగ్గర కుదిరింది. బోట్లకి ట్రాన్స్‌పాండర్ డబ్బాలు ఇస్తున్నారు, ఆ పథకం ఎన్‌ఎస్‌ఐఎల్ దే నడిపింపు. దేశమంతా తీరంలో లక్ష బోట్లకి, 364 కోట్లు, 2024 ఆగస్టు 30న మొదలెట్టారు. మత్స్యకారుడి దగ్గర పైసా తీసుకోరు, డబ్బు మత్స్యశాఖ పథకం నుంచి. మా నాన్న వాళ్ళ బోటుకి వచ్చింది. ఒడ్డుకి దూరమయ్యాక ఫోన్ పనిచేయదు కదా, దీంట్లో మెసేజ్ రెండు వైపులా వెళ్తుంది. తుఫాను కబురు వస్తుంది, ఆపదైతే మనమే పంపొచ్చు, సరిహద్దు దాటబోతే హెచ్చరిస్తుంది.

ముందు వేటకెళ్తే తిరిగొచ్చేదాకా అమ్మ రేడియో కట్టేదే కాదు. ఇప్పుడు 'బాగున్నాం' అన్న ఒక్క ముక్క వస్తే చాలు, అన్నం తింటుంది.

బెజవాడ_బుల్లోడు
ఇది తెలియదు తమ్ముడూ. ఏ ఉపగ్రహం మీద పనిచేస్తుంది?

ఆర్ఎఫ్_రాజమండ్రి
జీశాట్ 6, ఎస్ బ్యాండ్. దానికి విప్పుకునే 6 మీటర్ల యాంటెన్నా ఉంది కాబట్టి కింద చిన్న డబ్బా సరిపోతుంది. ఆంట్రిక్స్‌కీ దేవాస్ అనే ప్రైవేటు కంపెనీకీ మధ్య ఒప్పందం 2005లో కుదిరి 2011లో రద్దయింది చూశారూ, ఆ గొడవలో ఉన్న ఉపగ్రహాల్లో ఇదొకటి. కోర్టుల చుట్టూ తిరిగిన ఆ ఎస్ బ్యాండ్ ఇవాళ చేపల బోట్లకు పనికొస్తోంది. నాకైతే ఎన్2 కన్నా ఇదే ఎక్కువ సంతోషం.

ఆదిలాబాద్_సార్
మా వైపు టీ-శాట్ ఉంది. పాత 'మన టీవీ'నే తెలంగాణ వచ్చాక అలా మార్చారు. విద్య ఒకటి, నిపుణ ఒకటి, రెండు ఛానెళ్ళు. జీశాట్ 16 ట్రాన్స్‌పాండర్ మీద నడుస్తాయి, అది కూడా ఎన్‌ఎస్‌ఐఎల్ తోనే ఒప్పందం. గ్రూప్స్‌కి చదివే పిల్లలు పల్లెల్లో కూర్చుని పాఠాలు వింటారు. ఇక్కడ కొన్నది రాష్ట్ర ప్రభుత్వం. ఒక ట్రాన్స్‌పాండర్ అద్దెతో రాష్ట్రమంతా కవరైంది. టీచరమ్మకు వెంటనే ఇంటర్నెట్ రాకపోయినా, పాఠాల ప్రసారం మాత్రం చిన్న డిష్‌తో పట్టొచ్చు కదా?

పాడేరు_టీచర్
సార్, ప్రసారం మంచిదే. బళ్ళో పాత డిష్ ఒకటి తుప్పు పట్టి ఉంది, అది ఆ కాలందే అనుకుంటా. కానీ మా పిల్లలు కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. తెలుగు పాఠం ఆపి, మళ్ళీ చెప్పి, వాళ్ళ ప్రశ్న వినాలి. టీవీ ఆగదు, ప్రశ్న వినదు. హాజరు, స్కాలర్‌షిప్ ఫారాలు, ఆరోగ్య కార్యకర్త రిపోర్టులు అన్నీ ఇటు నుంచి అటు వెళ్ళాల్సినవే. మాకు రెండు వైపులా దారి కావాలి.

అరకు_కాఫీ
బాగా చెప్పారు మేడం. 👏

లెక్కల_మనిషి
అయితే ఒక్క బడి పేరుతో అడగకండి. బడి, సచివాలయం, ఆరోగ్య ఉపకేంద్రం, రేషన్ డిపో అన్నీ ఒకే డిష్ మీద పంచుకునేలా అడగండి. పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్‌లో ఫైబర్ వేయలేని పంచాయతీలకు ఉపగ్రహం ద్వారా ఇచ్చిన పద్ధతి ఉంది, ఆ పేరు మీదే వెళ్ళాలి. చుట్టుపక్కల ఇలాంటి పంచాయతీలన్నీ కలిపి జాబితా చేస్తే అదే మీరన్న డిమాండ్, కాగితం మీద.

ఆర్ఎఫ్_రాజమండ్రి
దీనికి నా ఓటు. రెండు సాంకేతిక విషయాలు ముందే తెలుసుకోండి. భూస్థిర ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, మాట వెళ్ళి జవాబు రావడానికి అర సెకను పైనే. వీడియో క్లాసులో కాస్త ఆగి మాట్లాడాలి, ఫారాలకు ఇబ్బంది లేదు. రెండోది, కా బ్యాండ్‌ని వాన బాగా దెబ్బ తీస్తుంది. మీ కొండల్లో జులై, ఆగస్టుల్లో ఆగిఆగి వస్తుంది. కాస్త పెద్ద డిష్ అడగండి. వాన దెబ్బ తక్కువ తగిలే కేయూ బ్యాండ్ ఇస్తామంటే అదే తీసుకోండి. దక్షిణం వైపు చెట్లు లేని చోటు చూడాలి.

తుని_డిష్_మెకానిక్
ఆ చోటు చూడ్డానికి నేనొస్తా మేడం. మన దగ్గర 83 డిగ్రీల ఉపగ్రహమైతే దాదాపు నెత్తిమీదికే ఉంటుంది, కొండ అడ్డం వచ్చే భయం తక్కువ. 55 అయినా, 93 అయినా పక్కకి కొంచెం వాలుతుంది, అప్పుడే కొండ చూసుకోవాలి. రేకుల మీద బిగించొద్దు, గాలికి ఊగితే సిగ్నల్ పోద్ది. నేల మీద సిమెంటు దిమ్మ కట్టించండి. కూలి అక్కర్లేదు, దారి ఖర్చులు పెట్టుకుంటే చాలు.

కేబుల్_బాబాయి
దారి ఖర్చులు నేనిస్తాలే తమ్ముడూ. పాత కో-యాక్సియల్ కేబుల్ చుట్టలు నా దగ్గర బోలెడు పడున్నాయి, అవీ పట్టుకెళ్ళు.

నల్లగొండ_నవీన్
నా డబ్బులు తీసుకున్నాయన కూడా ఈ చర్చ చదివితే బాగుండు.

పాడేరు_టీచర్
అందరికీ చాలా చాలా థాంక్స్. సోమవారం సర్పంచి గారితో మాట్లాడతాను. మా వైపు సిగ్నల్ అందని ఊళ్ళ పేర్లు మా టీచర్ల గ్రూపులో అడగడం మొదలుపెట్టాను, అప్పుడే చాలా వచ్చాయి. అరకు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు వాళ్ళెవరైనా ఇక్కడ ఉంటే మీ ఊరు, పంచాయతీ పేరు, దగ్గర్లో ఫైబర్ ఎక్కడిదాకా వచ్చిందో కింద రాయండి.

అరకు_కాఫీ
మాది అనంతగిరి మండలం. ఫైబర్ రోడ్డు దాకా వచ్చి ఆగింది, ఊళ్ళోకి ఇంకా నడక దారే. పంచాయతీ పేరు మెసేజ్ చేస్తున్నా.

ముంచంగిపుట్టు_కుర్రోడు
మా వైపు మూడు పంచాయతీలు రాసుకోండి మేడం. సర్పంచులతో సంతకాలు నేను పెట్టిస్తా. దరఖాస్తు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా?

లెక్కల_మనిషి
తెలుగులోనే పెట్టండి, ఇంగ్లీషు కాపీ నేను రాసిస్తాను. కలెక్టరు గారికి ఒకటి, భారత్‌నెట్ చూసే వాళ్ళకి ఒకటి. జాబితా రాగానే పంపండి.